హైదరాబాద్‌ పేరుతో... ఇంగ్లండు ఆకాశంలో!

ఒక్కరే కూర్చోగలిగే చిన్న విమానం. నేల వదిలిన కాసేపటికే చక్రాలు ముడిచి పొట్టలో దాచేసుకుంటుంది. 1940లో శత్రువుతో తలపడి, దెబ్బతిని, రష్యా వెళ్లి, తుక్కై తిరిగొచ్చి, 2017లో మళ్లీ గాల్లోకి లేచింది. దాని ఒంటి మీద రాసి ఉన్న అక్షరాలు మన హైదరాబాద్‌ స్క్వాడ్రన్‌వి!

కర్నూలు జిల్లా హొళగుంద మండలంలో దేవరగట్టు అనగానే ఎవరికైనా దసరా రాత్రి కర్రల సమరమే గుర్తొస్తుంది. ఓ పగటిపూట, జనం లేనప్పుడు ఆ గుట్ట ఎక్కి ఉత్తరం వైపు చూడండి. పొలాలు దాటుకుంటూ పోతే తుంగభద్ర. 1940లో ఆ ఏరు దాటితే నిజాం రాజ్యం. ఇవతల ఆదోని, ఆలూరు తాలూకాలు మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్లారి జిల్లాలో ఉండేవి. అసలు ఇవతలి భాగమూ ఒకప్పుడు నిజాందే. 1800లో ఆయన కంపెనీవారికి ధారాదత్తం చేశాడు. దత్త మండలాలన్న పేరు అందుకే వచ్చింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలోకి వచ్చాయి.

ఇదంతా ఎందుకంటే... రెండో ప్రపంచ యుద్ధంలో ఏటికి అటున్న ప్రభుత్వమూ, ఇటున్న ప్రభుత్వమూ కూడా ఒంటి సీటు యుద్ధ విమానాల కోసం బ్రిటన్‌కు డబ్బు పంపాయి. అందుకు ప్రతిఫలంగా ఆ విమానాల దళాలకు మన పేర్లు పెట్టారు. అటువైపు నుంచి 152వ హైదరాబాద్‌ స్క్వాడ్రన్‌, 253వ హైదరాబాద్‌ స్టేట్‌ స్క్వాడ్రన్‌. ఇటువైపు నుంచి 234వ మద్రాసు ప్రెసిడెన్సీ స్క్వాడ్రన్‌. అంటే హొళగుంద ఎటు లెక్కన చూసుకున్నా దానికో విమాన దళం ఉన్నట్టే! ఆ సంగతి ఊళ్లో ఎందరికి తెలిసి ఉంటుందన్నది వేరే మాట.

నవాబుగారి కానుక

విమానాలు కొనివ్వడం నిజాంకు కొత్తేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో, 1918లో, ఏడో నిజాం మీర్‌ ఉస్మాన్‌ అలీఖాన్‌ ఏకంగా ఓ స్క్వాడ్రన్‌కు సరిపడా విమానాలు కానుకగా ఇచ్చాడు. అది 110వ స్క్వాడ్రన్‌. డీహెచ్‌9ఏ రకం బాంబర్లు. ఇద్దరు కూర్చునేవి, రెండంతస్తుల రెక్కలు, ఎప్పుడూ కిందికి వేలాడే చక్రాలు. ఒక్కోదాని మీదా అది హైదరాబాద్‌ నిజాం ఇచ్చిన కానుక అని రాయించారు.

వాటిలో ఒకటి ఇప్పటికీ ఉంది. ఎఫ్‌1010 అనే ఆ విమానం పేరు ‘హైదరాబాద్‌ నంబర్‌ 12ఏ’. 1918 అక్టోబరు 5న జర్మనీ మీద బాంబులు వేయడానికి వెళ్లి అక్కడే దిగిపోయింది. జర్మన్లు దాన్ని బెర్లిన్‌ మ్యూజియంలో పెట్టుకున్నారు. రెండో యుద్ధంలో బెర్లిన్‌ మీద బాంబులు పడుతుంటే జాగ్రత్త కోసం తూర్పుకు తరలించారు. యుద్ధమయ్యేసరికి అది పోలండ్‌లో తేలింది. చివరికి 1977లో బ్రిటన్‌లోని ఆర్‌.ఎ.ఎఫ్‌. మ్యూజియం క్రాకో మ్యూజియంతో బేరం కుదుర్చుకుని దాన్ని తెచ్చుకుంది. బదులుగా ఏమిచ్చారో తెలుసా? ఓ స్పిట్‌ఫైర్‌! అది ఇప్పుడు క్రాకోలో ఉంది. హైదరాబాద్‌ విమానానికీ పోలండ్‌కీ ముడి అక్కడితో ఆగలేదు. ఆ సంగతికి మళ్లీ వద్దాం.

1939లో మళ్లీ యుద్ధం మొదలైంది. ఆ ఏడాది అక్టోబరులో ఏర్పాటైన 152, 253 స్క్వాడ్రన్లు హైదరాబాద్‌ పేరు పెట్టుకున్నాయి. 152వ దళం చిహ్నం చూస్తే ఆశ్చర్యమేస్తుంది... నిజాం ధరించే దస్తార్‌, అదే ఆ తలపాగా! కింద ‘నమ్మకమైన మిత్రుడు’ అనే అర్థమొచ్చే ఇంగ్లిషు మాటలు. బ్రిటిష్‌వాళ్లు నిజాంకు ఇచ్చిన బిరుదే అది. 253వ దళానికి భారతీయ యుద్ధ గొడ్డలి పట్టుకున్న చెయ్యి చిహ్నం. నినాదం, ‘ఒక్కరొచ్చినా రండి, అందరొచ్చినా రండి’ అన్న ధోరణిలో ఉంటుంది. మద్రాసు ప్రెసిడెన్సీ పేరు పెట్టుకున్న 234కు నిప్పులు కక్కే డ్రాగన్‌.

అప్పట్లో చందాలిచ్చేవాళ్లకు ఓ ధర చెప్పేవారు. 5 వేల పౌండ్లిస్తే ఓ స్పిట్‌ఫైర్‌ మీద మీరు చెప్పిన పేరు రాస్తామని. నిజానికి విమానం తయారీకి అంతకన్నా ఎక్కువే అయ్యేది. అప్పటి మారకంలో పౌండుకు 13 రూపాయల చిల్లర. అంటే ఒక్కో పేరుకు 66 వేల రూపాయల పైచిలుకు. వాన పడితే పంట, లేకపోతే వలస అన్నట్టు బతికే దత్త మండలాల లెక్కన అదెంత డబ్బో వేరే చెప్పక్కర్లేదు.

మొదటి రోజే ఒంటరిగా...

ఇంతకీ ఏమిటీ విమానాల గొప్ప? 1930ల దాకా విమానాలకు చక్రాలు కిందికి వేలాడుతూనే ఉండేవి. వేగం తక్కువ కాబట్టి పెద్ద నష్టం లేదు. వేగం పెరిగేకొద్దీ ఆ చక్రాలే గాలికి అడ్డం పడి వెనక్కి లాగడం మొదలుపెట్టాయి. ఆకాశంలో గద్దను చూడండి. కాళ్లు పొట్టకు అదుముకుని తిరుగుతుంది. కింద కోడిపిల్ల కనిపిస్తే అప్పుడు చాపుతుంది. ఇంజినీర్లూ అదే చేశారు. హరికేన్‌ చక్రాలు లోపలి వైపు ముడుచుకుని పొట్ట కిందకు చేరతాయి. స్పిట్‌ఫైర్‌వి బయటి వైపు ముడుచుకుని రెక్కల్లోకి పోతాయి. ఫలితంగా హరికేన్‌ గంటకు 500 కిలోమీటర్లు దాటింది. స్పిట్‌ఫైర్‌ 570 దాకా వెళ్లింది. రెంటిలోనూ ఉన్నది ఒకటే ఇంజిను, వెయ్యి గుర్రాల శక్తి దాటిన రోల్స్‌రాయిస్‌ మెర్లిన్‌.

వాటి రెక్కల్లో ఎనిమిది మెషిన్‌గన్లు. కూర్చోవడానికి మాత్రం ఒక్కటే సీటు. ఇక్కడే అసలు కష్టం. కారు నేర్చుకునేటప్పుడు పక్కన ఓ గురువు కూర్చుంటాడు. ఇందులో పక్క సీటూ లేదు, వెనక సీటూ లేదు. కాబట్టి హరికేన్‌లోనో స్పిట్‌ఫైర్‌లోనో మొదటిసారి ఎగిరే రోజే ఒంటరిగా ఎగరాలి. గురువు రెక్క మీద నిలబడి ఏ మీట ఏమిటో చూపించి, భుజం తట్టి దిగిపోతాడు. అంతే! మన దేశంలో అప్పటి కుర్రాళ్లు బేగంపేటలోనో జోధ్‌పూర్‌లోనో టైగర్‌మాత్‌ అనే రెండు సీట్ల బుల్లి విమానం మీద ఓనమాలు దిద్దుకునేవారు. దానికి చక్రాలు ముడిచే పనే లేదు. తర్వాత హార్వర్డ్‌. అందులో చక్రాలు ముడుచుకుంటాయి, గురువూ ఉంటాడు. ఆ తర్వాతిదే ఒంటరి మెట్టు.

ఇప్పుడు స్పిట్‌ఫైర్‌లో మిమ్మల్ని కూర్చోబెట్టామనుకోండి. తోక నేల మీద, ముక్కు ఆకాశంలోకి... ఎదురుగా ఏమీ కనిపించదు. నేల మీద నడిపేటప్పుడు పాములా అటూ ఇటూ తిప్పుకుంటూ పక్కల నుంచి తొంగి చూడాలి. ఆలస్యం చేయకూడదు. కిందికి దిగి ఉన్న చక్రం కాలు రేడియేటర్‌కి అడ్డం, గాలి ఆడదు, నీళ్లు మరిగిపోతాయి. థ్రాటిల్‌ ముందుకు తోయగానే ప్రొపెల్లర్‌ విమానాన్ని ఓ పక్కకు ఈడుస్తుంది. కాలితో గట్టిగా తొక్కి దారిలో పెట్టాలి. నేల వదిలింది. హమ్మయ్య అనుకునేలోపే చక్రాలు ముడవాలి. ఎడమ చెయ్యి థ్రాటిల్‌ మీద, కుడి చెయ్యి స్టిక్‌ మీద ఉన్నాయి. చక్రాల మీట కుడివైపు! కాబట్టి ఎడమ చెయ్యి తీసి స్టిక్‌ పట్టుకుని, కుడి చేత్తో మీట అందుకోవాలి. మొదట్లో వచ్చిన స్పిట్‌ఫైర్లలో ఇంకా తమాషా. చక్రాలు పైకి రావాలంటే కుడి చేత్తో పంపు కొట్టాలి. బోరింగు కొట్టినట్టే. కుడి చెయ్యి ముందుకూ వెనక్కూ ఊగితే స్టిక్‌ పట్టుకున్న ఎడమ చెయ్యీ ఊగేది. దాంతో విమానం కప్పలా గెంతుతూ పైకి లేచేది. కింద నిలబడ్డవాళ్లకు ఎవరు కొత్తో అక్కడే తెలిసిపోయేది. తర్వాత ఇంజినుతో నడిచే పంపు వచ్చింది.

దిగేటప్పుడు ఇంకో పరీక్ష. చక్రాలు దించడం మర్చిపోతే? థ్రాటిల్‌ తగ్గించగానే చెవి దగ్గర హారన్‌ మోగుతుంది. చక్రాలు దిగితే పచ్చ దీపం. దీపం మీద నమ్మకం లేనివాళ్ల కోసం స్పిట్‌ఫైర్‌ రెక్క మీదికి చిన్న పుల్లలు పొడుచుకొస్తాయి. అవి కనిపిస్తే చక్రాలు కింద ఉన్నట్టు. ఎంతకీ దిగకపోతే స్పిట్‌ఫైర్‌లో గ్యాస్‌ సిలిండర్‌ ఒకటి ఉంటుంది. దాన్ని విప్పితే ఆ ఒత్తిడికి దిగుతాయి. హరికేన్‌లో అయితే కాలి దగ్గర ఓ పెడల్‌. దాన్ని తంతే కొక్కెం ఊడి చక్రాలు వాటి బరువుకే కిందికి జారతాయి.

ఇన్ని ఏర్పాట్లున్నా మర్చిపోయేవాళ్లు మర్చిపోయేవారు. ముఖ్యంగా పోలండ్‌ నుంచి వచ్చిన పైలట్లు. వాళ్ల దేశంలో నడిపిన పీజెడ్‌ఎల్‌ యుద్ధ విమానాలకు చక్రాలు ముడుచుకునేవి కావు. పైగా థ్రాటిల్‌ కూడా అలవాటుకు తిరగబడి పనిచేసేది. జోసెఫ్‌ ఫ్రాంటిషెక్‌ అనే చెక్‌ పైలట్‌ పోలిష్‌ దళంలో చేరి 1940 ఆగస్టులో హరికేన్‌ నేర్చుకుంటూ చక్రాలు దించకుండా పొట్ట మీద దిగేశాడు. అదే మనిషి ఆ తర్వాత 17 శత్రు విమానాలను కూల్చి ఆ యుద్ధంలో అగ్రశ్రేణి వీరుల్లో ఒకడయ్యాడు.

రెండు రోజుల్లో...

1940 ఆగస్టు 29న 253వ హైదరాబాద్‌ స్క్వాడ్రన్‌ హరికేన్లతో లండన్‌ దక్షిణాన ఉన్న కెన్లీ స్థావరానికి వచ్చింది. బ్రిటన్‌ కోసం జరుగుతున్న వైమానిక యుద్ధం అప్పటికి పతాక స్థాయిలో ఉంది. మర్నాడే, అంటే 30న, ఈ దళం బరిలోకి దిగింది. ఆ రోజు పి3717 నంబరున్న హరికేన్‌లో ఎగిరినవాడు వ్లోజిమియెష్‌ సమోలిన్‌స్కీ. పోలండ్‌వాడు. దేశాన్ని జర్మనీ మింగేస్తే పరాయి గడ్డకు వచ్చి, హైదరాబాద్‌ పేరున్న దళంలో పైలట్‌గా చేరాడు. మెసర్‌స్మిట్‌ 110 అనే రెండింజిన్ల జర్మన్‌ విమానాన్ని ఆ రోజు కూల్చాడు.

ఆ మర్నాడు 31వ తేదీ మాత్రం హైదరాబాద్‌ దళానికి కాళరాత్రి లాంటి పగలు. దళపతి హెరాల్డ్‌ స్టార్‌ ప్రాణాలు కోల్పోయాడు. అంతకుముందు దళపతిగా ఉండి, పదవి అప్పగించాక కూడా వాళ్లతో ఎగురుతున్న టామ్‌ గ్లీవ్‌ విమానానికి నిప్పంటుకుంది. హరికేన్‌లో పెట్రోలు ట్యాంకులు రెక్కల మొదట్లో, పైలట్‌ కాళ్లకు రెండు పక్కలా ఉంటాయి. మరొకటి ఎదురుగానే. మంటొస్తే మొదట వచ్చేది మనిషి మీదికే. ఆదుకోవడానికి వెనక సీట్లో ఎవరూ లేరు. గ్లీవ్‌ ఒళ్లంతా కాలిపోయి పారాచూట్‌తో దిగాడు. ఆస్పత్రిలో చూడటానికొచ్చిన భార్య ఏమైందని అడిగితే ఓ జర్మన్‌తో గొడవైందన్నాడట. ఆ మాటనే తర్వాత తన పుస్తకానికి పేరుగా పెట్టాడు.

ఆయనకు కొత్త ముక్కు అమర్చింది ఆర్చిబాల్డ్‌ మెకిండో. కాలిన ముఖాలకు మళ్లీ రూపం ఇవ్వడమెలాగో అప్పుడప్పుడే కనిపెడుతున్న డాక్టరు. ప్రతి ఆపరేషనూ ఓ ప్రయోగమే కాబట్టి ఆ పైలట్లు తమను తాము గినీపిగ్‌లుగా పిలుచుకుని 1941లో ఓ క్లబ్బు పెట్టుకున్నారు. దానికి ‘చీఫ్‌ గినీపిగ్‌’ మన హైదరాబాద్‌ స్క్వాడ్రన్‌ గ్లీవే! ఇవాళ కాలిన గాయాలకు చేస్తున్న ప్లాస్టిక్‌ సర్జరీలో ఆ వార్డులో నేర్చుకున్న పాఠాలెన్నో ఉన్నాయి.

సమోలిన్‌స్కీ మరో నెల కూడా బతకలేదు. సెప్టెంబరు 26న పోరులో కనిపించకుండా పోయాడు. శవం దొరకలేదు. అతను నడిపిన పి3717 మాత్రం మిగిలింది. దెబ్బతిన్నాక బాగుచేసి, కొత్త మోడల్‌గా మార్చి, నంబరూ మార్చి రష్యాకు పంపేశారు. యుద్ధం ముగిసిన చాలా ఏళ్లకు దాని శిథిలాలు బ్రిటన్‌కు తిరిగొచ్చాయి. ఏళ్ల తరబడి పనిచేసి మళ్లీ విమానంగా నిలబెట్టారు. 2017లో గాల్లోకి లేచింది. పక్కన ‘ఎస్‌డబ్ల్యూ’ అని రాశారు. అవి 253వ దళం గుర్తు అక్షరాలు. చివర ‘పి’.

ఈ విమానాన్ని బతికించడం చిన్న పని కాదు. హరికేన్‌ అంటే పూర్తిగా రేకు విమానం కాదు. లోపల ఉక్కు గొట్టాలు, వాటి మీద కర్ర చట్రం, ఆపైన బిగుతుగా లాగి రంగు పూసిన బట్ట. తూటా బట్టలోంచి దూరి అవతలికి పోతే అతుకు వేసి మర్నాడు ఎగిరేవారు. ఇప్పుడా కర్రపనీ బట్టపనీ తెలిసినవాళ్లు అరుదు. పద్నాలుగు వేలకు పైగా తయారైన హరికేన్లలో ఎగరగలిగే స్థితిలో ఉన్నవి ప్రపంచం మొత్తమ్మీద ఇరవైకి మించవు. యుద్ధంలో చావడానికి పనికొచ్చిన విమానానికి ఇప్పుడు చిన్న గీత పడినా గుండె గుభేలుమంటుంది యజమానికి!

మనవాడొకడు

ఒక్క విషయం మాత్రం మనసులో గుచ్చుకుంటుంది. హైదరాబాద్‌ పేరున్న దళాల్లో ఇంగ్లండువాళ్లున్నారు, పోలండ్‌వాళ్లున్నారు. 1940 నాటి ఆ పోరులో హైదరాబాద్‌ నుంచి వెళ్లింది మాత్రం డబ్బూ పేరూ.

హైదరాబాద్‌ కుర్రాడు ఈ విమానాలెక్కడానికి ఇంకో మూడేళ్లు పట్టింది. ఇద్రిస్‌ హసన్‌ లతీఫ్‌ 1923 జూన్‌ 9న హైదరాబాద్‌లో పుట్టారు. నిజాం కాలేజీలో చదివారు. 1942 జనవరి 26న వైమానిక దళంలో అధికారి అయ్యారు. మొదట కరాచీ తీరంలో కాపలా. అక్కడ నడిపినవన్నీ వేలాడే చక్రాల పాతకాలపు విమానాలు. 1943లో కొద్దిమంది భారతీయ పైలట్లను ఎంపిక చేసి ఇంగ్లండు పంపితే అందులో ఆయనా ఒకరు. హరికేన్‌, స్పిట్‌ఫైర్‌ రెండూ అక్కడ నేర్చుకున్నారు. తిరిగొచ్చి బర్మా యుద్ధంలో పాల్గొన్నారు. 152వ హైదరాబాద్‌ స్క్వాడ్రన్‌ కూడా 1943 చివర్లో భారతదేశానికి వచ్చి బర్మా సరిహద్దులో పోరాడింది. దాని స్పిట్‌ఫైర్ల మీద దూకుతున్న నల్ల చిరుత బొమ్మ వేసుకున్నారు. పేరున్న విమానమూ, ఆ పేరున్న ఊరి పిల్లాడూ అలా ఒకే యుద్ధరంగానికి చేరారు, ఎవరి దళంలో వాళ్లుగా.

1947లో దేశం రెండు ముక్కలైంది. వైమానిక దళమూ పంచుకున్నారు. పాకిస్థాన్‌ వైపు వెళ్తున్న తోటి అధికారులు లతీఫ్‌నూ రమ్మన్నారు. ఆయన వెళ్లనన్నారు. 1950 జనవరి 26న మొట్టమొదటి గణతంత్ర దినాన ఢిల్లీ మీదుగా టెంపెస్ట్‌ విమానాలు బారులు తీరి వెళ్లాయి. అవీ ఒంటి సీటువే, చక్రాలు ముడుచుకునేవే. హరికేన్‌ వంశంలో తర్వాతి తరం. ఆ బారును ముందుండి నడిపింది లతీఫే. 1978లో వైమానిక దళాధిపతి అయ్యారు. 1981లో పదవీ విరమణ దాకా కొత్త విమానం ఏది వచ్చినా స్వయంగా ఎక్కి చూసేవారు. తర్వాత మహారాష్ట్ర గవర్నరుగా, ఫ్రాన్స్‌లో రాయబారిగా పనిచేసి మళ్లీ హైదరాబాద్‌కే వచ్చేశారు. 2018 ఏప్రిల్‌ 30న, 94 ఏళ్ల వయసులో ఇక్కడే కన్నుమూశారు.

ఆయన నడిపిన ఈ రకాలు చూడాలంటే ఢిల్లీ పాలంలోని వైమానిక దళ మ్యూజియానికి వెళ్లాలి. హరికేన్‌, స్పిట్‌ఫైర్‌, టెంపెస్ట్‌ మూడూ అక్కడున్నాయి. అందులో స్పిట్‌ఫైర్‌ 1980ల దాకా ప్రదర్శనల్లో ఎగిరింది కూడా. పిల్లల్ని తీసుకెళ్తే ఓ పని చేయండి. రెక్క కిందికి వంగి చూడమనండి. చక్రం ఎటు ముడుచుకుంటుందో, ఎక్కడ దూరుతుందో ఆ గాడి కనిపిస్తుంది. స్పిట్‌ఫైర్‌కి చక్రాలు దగ్గర దగ్గరగా, హరికేన్‌కి ఎడంగా ఉంటాయి. గడ్డి మైదానాల్లో దిగాల్సి వచ్చినప్పుడు హరికేనే నయమని పైలట్లు ఎందుకనేవారో చూడగానే వాళ్లకే అర్థమవుతుంది.